రద్దయిన వారంటు

ఢిల్లీలో ఒక జిల్లా కోర్టులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఏ కోర్టో చెప్పను, మీరూ అడగొద్దు. జడ్జీగా కాదు, వకీలుగానూ కాదు. మేజిస్ట్రేటు గారి హాలు వెనక ఇరుకు గదిలో ఫైళ్ల మధ్య కూర్చునే గుమస్తాని. ఆ ఉద్యోగాన్ని అక్కడ అహల్మద్ అంటారు. మేజిస్ట్రేటు గారు ఉత్తర్వు రాసి సంతకం పెట్టి లేచి వెళ్లిపోతారు. ఆ ఉత్తర్వు గుమ్మం దాటి పోలీస్ స్టేషను దాకా వెళ్లాలంటే మాత్రం నా చెయ్యి పడాలి. ఒకసారి నా చెయ్యి పడలేదు. దాని గురించే ఇదంతా.

ముందు మీకు, అంటే ఉద్యోగాలకని ఇటు వచ్చిన చిన్నవాళ్లకి, నాలుగు ముక్కలు చెప్పాలి. మీరు ద్వారకలో ఒక సెక్టారు నుంచి ఇంకో సెక్టారుకి, అక్కణ్ణుంచి గుర్గావ్‌కి ఏడాదికో ఇల్లు మారుస్తుంటారు. ఇల్లు మారితే గ్యాసు వాడికి చెబుతారు, బ్యాంకుకి చెబుతారు. ఎప్పుడో జరిగిన చిన్న గొడవలో పోలీసులు రాసుకున్న పాత చిరునామా మీకు గుర్తుండదు. కోర్టుకి మాత్రం అదొక్కటే తెలుసు. అక్కడికే సమన్లు పంపుతుంది. ఈ పేరుగలవారు ఇక్కడ లేరని అవి తిరిగొస్తాయి. తర్వాత బెయిలు ఇవ్వదగిన వారంటు పంపుతుంది. దాంతో వచ్చిన పోలీసు మీచేత పూచీ రాయించుకుని, ఫలానా తేదీకి కోర్టుకి రమ్మని వదిలేస్తాడు. అదీ తిరిగొస్తే బెయిలుకు వీల్లేని వారంటు. దాంతో వచ్చినవాడు వదలడు, తీసుకెళ్లి మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు. ఇంత జరుగుతున్నా మీకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, సొసైటీ పార్కులో పిల్లాణ్ణి ఆడించుకుంటూ ఉంటారు.

దీనికి మందు లేకపోలేదు. దాక్కోకూడదు. వకీలును వెంటబెట్టుకుని, వారంటు ఇచ్చిన కోర్టుకే మీ అంతట మీరు వెళ్లి, ఎందుకు రాలేకపోయారో చెప్పి రద్దు చేయమని దరఖాస్తు పెట్టాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయసేవల వారి గది ఒకటి ఉంటుంది. ఆడవాళ్లకైతే సంపాదన ఎంతని అడక్కుండానే అక్కడ వకీలును ఇస్తారు. మనిషి తనంతట తాను వస్తే మేజిస్ట్రేట్లు చాలావరకు రద్దు చేసేస్తారు. ఆ తర్వాత చేయవలసిన పని ఇంకొకటి మిగులుతుంది. ఆ పని నేను ఒకాయనను చెయ్యనివ్వలేదు.

ఆయన ఒక బుధవారం పొద్దున, కోర్టు ఇంకా మొదలవకముందే, నా గది గుమ్మంలో నిలబడ్డారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరుతో. మెళ్లో కేంద్ర ప్రభుత్వ ఆఫీసు కార్డు వేలాడుతోంది.

"తెలుగువారేనా అండీ మీరు?"

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"బయట టైపింగు చేసే ఆయన చెప్పాడండీ. లోపల ఒక మద్రాసీ బాబు ఉన్నాడు, అరుస్తాడు గానీ పని చేసిపెడతాడు అన్నాడు."

నవ్వొచ్చింది. మా నాన్న గుంటూరు వైపు నుంచి గుమస్తా ఉద్యోగానికి ఢిల్లీ వచ్చిన మనిషి. నేను జనక్‌పురిలో పుట్టి పెరిగాను. తెలుగు నాకు మా నాన్న తిట్లతో కలిపి వచ్చింది. అందుకే కాబోలు, రోజంతా హిందీలో అందరి మీదా కస్సుమనే నేను, ఎవరైనా తెలుగులో పలకరిస్తే మెత్తబడిపోతాను. అదేదో నా మంచితనం అనుకునేవాణ్ణి. కుర్చీ చూపించి కూర్చోమన్నాను.

ఆయనది కాకినాడ. ఒక మంత్రిత్వ శాఖలో సహాయక సెక్షన్ ఆఫీసరు. పదేళ్ల కిందట జనక్‌పురిలో అద్దెకున్నప్పుడు, స్కూటరు పెట్టుకునే జాగా దగ్గర పక్కింటాయనతో మాటామాటా పెరిగింది. ఈయన తోశారు, ఆయన మెట్ల మీద పడి పెదవి చిట్లింది. పోలీసులు కేసు రాసుకుని స్టేషన్లోనే బెయిలు ఇచ్చి పంపేశారు. ఆ పక్కింటాయనే మర్నాడు వచ్చి టీ తాగి వెళ్లాడట. గొడవ అంతటితో ఆగిందనుకున్నారు ఈయన. ద్వారకలో ఫ్లాటుకి మారిపోయారు. పోలీసులు మూడేళ్లు ఊరుకుని, తీరిగ్గా ఛార్జిషీటు వేశారు. ఇక మిగతాది మీకు చెప్పాను కదా, అదే వరస. వారం కిందట బీటు కానిస్టేబులు ఎక్కడో నంబరు సంపాదించి ఫోను చేసి, "అంకల్ జీ, ఆప్‌కా వారంట్ హై" అన్నాడట.

"రాత్రుళ్లు నిద్ర లేదండీ. ఒక వకీలును కలిశాను. మీరు కోర్టులో కనిపించకండి, కనిపిస్తే లోపలేస్తారు, నేను చూసుకుంటాను అన్నాడండీ. మీరేమంటారు?"

"వాడి మొహం. వాడి మాట విన్నారంటే రేపు మిమ్మల్ని పరారీలో ఉన్నవాడని ప్రకటిస్తారు. ఇవాళే కనిపించండి" అన్నాను. ఒళ్లు మండింది నాకు. నేను చూసుకుంటాను అనేవాళ్లు చేసే పాపం అంతా ఇంతా కాదు.

ఆయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతారు. రెండు నెలల్లో ప్రమోషన్ల కమిటీ కూర్చుంటుంది. జాబితాలో ఈయన పేరు మొదటిది. సెక్షన్ ఆఫీసరు అయితే గెజిటెడ్.

"పిల్లల సర్టిఫికెట్ల కాపీలు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసర్ల గుమ్మాల ముందు నిలబడ్డ మనిషినండీ నేను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు. చివర్లో ఒక్క మూడు నెలలు ఆ సంతకం పెడితే చాలండి."

"ఇప్పుడు ఎవరికి వాళ్లే సంతకం పెట్టుకుంటున్నారు కదండీ. గెజిటెడ్ వాళ్లను అడిగేదెవరు?"

"తెలుసండీ," అన్నారు సిగ్గుపడుతూ. "అయినానూ."

ఆ అయినానూ అన్న మాటకి నేను పడిపోయాను. మా నాన్న కూడా అలాంటి కుర్చీ కోసమే ఎదురుచూసి, దక్కకుండానే రిటైరయ్యాడు.

న్యాయసహాయం కేసులు చూసే ఒక లాయరమ్మాయి అప్పట్లో మా కోర్టులోనే ఉండేది. హర్యానా పిల్ల. ముప్పై కూడా నిండలేదు గానీ, కాగితం చదవకుండా సంతకం పెట్టేది కాదు. ఈయన జీతానికి ఉచిత సహాయం రాదు కాబట్టి మామూలుగానే కేసు తీసుకోమన్నాను. అరగంటలో దరఖాస్తు రాసింది. పక్కింటాయన రాజీకి ఒప్పుకుంటాడని ఫోనులో కనుక్కుంది. పదకొండున్నరకు మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టింది. మేజిస్ట్రేటు గారు కుర్రవాడు. ఫైలు తిరగేసి, "ఇన్నేళ్లలో ఒక్కసారీ తెలియలేదా మీకు?" అని హిందీలో అడిగారు.

"నహీ హుజూర్" అన్నారు మా కాకినాడ ఆయన.

సొంత పూచీ మీద వారంటు రద్దయింది. మూడు వారాల తర్వాత వాయిదా, ఆ రోజు రాజీ. స్టేషనుకి తెలియజేయమని మేజిస్ట్రేటు గారు నావైపు చూసి అన్నారు. నేను తలూపాను.

హాలు బయటికి రాగానే లాయరమ్మాయి, "సర్, దస్తీ కాపీకి దరఖాస్తు పెడుతున్నాను" అంది. దస్తీ అంటే ఉత్తర్వు నకలు ముద్ర వేయించి మనిషి చేతికే ఇవ్వడం. ఆయనే దాన్ని స్టేషనుకి తీసుకెళ్లి ఇచ్చి, ఇంకో కాపీ మీద వాళ్ల ముద్ర కొట్టించుకుని జేబులో పెట్టుకుంటారు. అదీ నేను ఇందాక చెప్పిన ఆ మిగిలిన పని. ఊళ్లో ఎవరు వచ్చినా నేను ముందు చెప్పేది అదే. కాపీ లేకుండా కదలొద్దని బిహారు నుంచి వచ్చిన రిక్షావాళ్లకు, నజఫ్‌గఢ్ పాలవాళ్లకు ఎంతమందికి అరిచి చెప్పానో లెక్కలేదు.

"ఎప్పటికి వస్తుందండీ కాపీ?" అన్నారు ఆయన.

"రేపు మధ్యాహ్నానికి" అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఈ పూట హాఫ్ డే పెట్టి వచ్చానండీ. రేపు మళ్లీ అంటే ఎందుకూ అంటారు. ఈ రెండు నెలలూ ఎవరి కళ్లలోనూ పడకూడదనండీ..."

అప్పుడన్నాను ఆ మాట. "మీరు ఆఫీసుకి వెళ్లండి. స్టేషనుకి నేను పంపిస్తాను. నేను చూసుకుంటాను."

లాయరమ్మాయి ఒప్పుకోలేదు. "సర్, కాగితం ఆయన చేతిలో ఉంటే మంచిది కదా?"

"రహనే దో బేటా, ఉండనీలే. మనవాడు ఈయన," అన్నాను. ఆయన నాకు రెండు చేతులూ జోడించి, మెట్రోకి పరిగెత్తారు.

నా గదిలో ఒక ట్రే ఉండేది. రద్దు చీటీలు రాసి అందులో వేస్తే, సాయంత్రం కోర్టు డ్యూటీలో ఉండే కానిస్టేబులు వాటిని తీసుకెళ్లి ఆయా స్టేషన్లలో ఇచ్చేవాడు. ఆ రోజు అతన్ని బందోబస్తుకి పంపారు, రాలేదు. ట్రేలో అప్పటికే పదకొండు చీటీలున్నాయి. ఈయన చీటీ రాసి, ట్రేలో వేయబోయి ఆగాను. అందరివాటితో కలిపితే ఏ అడుక్కో పోతుంది, మనవాడిది విడిగా ఉంచి రేపు స్వయంగా చేతికిచ్చి చెబుదాం అనుకున్నాను. ఫైల్లోనే పెట్టి, తాడు కట్టి, బీరువాలో భద్రంగా దాచాను.

మర్నాడు కానిస్టేబులు వచ్చి ట్రేలో ఉన్న పదకొండూ పట్టుకెళ్లాడు. ఆ పదకొండు మందికీ ఏమీ కాలేదు. వాళ్లలో ఒక్కరి మొహం కూడా నాకు గుర్తులేదు. నేను ఆ వారమంతా పై కోర్టుకి పంపాల్సిన పట్టికలు నింపుకుంటూ ఈయన సంగతి మరిచిపోయాను. స్టెనో సెలవులో ఉండడంతో ఆ బుధవారపు ఉత్తర్వులు వెబ్‌సైటులోకి కూడా ఎక్కలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక శుక్రవారం. శని, ఆది, సోమ మూడు రోజులు కోర్టుకి సెలవులు. పాత వారంట్లన్నీ తీర్చేయమని స్టేషన్లకు పైనుంచి ఒత్తిడి వచ్చిందట. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సొసైటీ గేట్లో అడుగు పెడుతున్న ఆయన్ని ఇద్దరు పోలీసులు ఆపారు. వారంటు రద్దయిందని ఆయన ఎంత చెప్పినా వాళ్లది ఒకటే మాట, "కాగజ్ దిఖావో." ఆయన దగ్గర కాగితం లేదు. గార్డు చూస్తుండగా, కూరలు కొనుక్కుని వస్తున్న ఇరుగుపొరుగు చూస్తుండగా, జీపెక్కించారు. శనివారం సెలవు రోజు డ్యూటీ మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. ఆవిడా అదే అడిగారు. కాగితం లేదు, వెబ్‌సైటులో లేదు, ఫైలు ఇంకో కోర్టు బీరువాలో ఉంది. మంగళవారం అసలు కోర్టులో హాజరుపరచమని జైలుకి పంపారు. ఆమె తప్పేమీ లేదు, నేనైనా అంతే రాసేవాణ్ణి.

ఆ శనివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నా ఫోను తొమ్మిదిసార్లు మోగింది. తెలియని నంబరు. సెలవు రోజు కక్షిదారుల ఫోను ఎత్తకూడదన్నది నా నియమం. ఎత్తితే ఆదివారం లేకుండా చేస్తారు. కూలరు గడ్డి మారుస్తూ, "మోగనీలే" అని మా ఆవిడతో అన్నాను. బీరువా తాళంచెవి నా ప్యాంటు జేబులోనే ఉంది. మా ఇంటి నుంచి కోర్టు అరగంట దూరం. డ్యూటీ మేజిస్ట్రేటు గారి అనుమతితో ఆ ఫైలు తీసి ఆమె ముందు పెట్టి ఉంటే ఆయన ఆ పూటే ఇంటికి వెళ్లేవారు.

సోమవారం లాయరమ్మాయి ఊరి నుంచి ఫోను చేసేదాకా నాకు తెలియదు. ఆయన భార్య ఆమెకూ చేసిందట, ఏదో పెళ్లిలో ఉండి చూసుకోలేదు. "సర్, చీటీ పంపారు కదా?" అంది. పంపాననే అనుకుంటున్నాను అన్నాను. ఫోను పెట్టేసి వేళ్ల మీద లెక్కపెట్టాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కొడుకుని, ఆ రూలు నాకు తెలుసు. నలభై ఎనిమిది గంటలకు మించి నిర్బంధంలో ఉంటే, తప్పున్నా లేకపోయినా, ఆ ఉద్యోగి సస్పెండయినట్టే లెక్క. ఆదివారం సాయంత్రానికే ఆ గంటలు నిండిపోయాయి.

మంగళవారం తెల్లారగానే అందరికంటే ముందు వెళ్లి బీరువా తెరిచాను. తాడు విప్పితే చీటీ పైనే ఉంది. నా చేతిరాత, నేను వేసిన ముద్ర, తేదీ. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. చెయ్యి దానంతట అదే చేసింది అని రాస్తే బావుంటుంది గానీ అబద్ధం. భయపడ్డాను, అందుకే దాచాను.

పదిన్నరకు ఆయన్ని తెచ్చారు. శుక్రవారం తొడుక్కున్న చొక్కా. భార్య, కూతురు వెనక నిలబడ్డారు. కూతురు గుర్గావ్‌లో ఏదో కంపెనీలో పనిచేసే అమ్మాయి, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. మేజిస్ట్రేటు గారు ఫైలు చూసి కంగారుపడ్డారు. తాను రద్దు చేసిన వారంటు మీదే మనిషి నాలుగు రోజులు లోపలున్నాడు. వెంటనే వదిలేశారు. "స్టేషనుకి సమాచారం వెళ్లిందా?" అని నన్నడిగారు. "చూసి చెబుతాను సర్" అన్నాను. స్టేషను వాళ్లను అడిగితే తమకేమీ అందలేదన్నారు. ఆ రోజు ఇంకా అరవై కేసులున్నాయి. విషయం అక్కడితో పక్కకి పోయింది.

వరండాలో ఆయన నా చేతులు పట్టుకున్నారు. "మీరుండబట్టి ఇవాళైనా బయటపడ్డానండీ" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"మెడికల్ లీవు పెట్టేయండి. సెలవు రోజులే కదా, ఎవరికీ తెలియదు" అన్నాను, అదే నేను చేయగల ఉపకారమైనట్టు.

"రూలుందండీ. నిర్బంధంలో ఉంటే ఆఫీసుకి మనమే తెలియజేయాలి. ఎలాగూ నిజం చెబితే అర్థం చేసుకుంటారు కదండీ. కోర్టే రద్దు చేసిందాయె."

ఆ సాయంత్రమే ఆఫీసుకి రాసి ఇచ్చారు. మర్నాడు సస్పెన్షన్ ఉత్తర్వు అందుకున్నారు.

మూడు వారాలకు అనుకున్నట్టే రాజీ అయింది. పక్కింటాయన వచ్చి సంతకం పెట్టి, ఈయన్ని కావలించుకుని ఏడ్చాడు. కేసు పోయింది. సస్పెన్షన్ మాత్రం ఉండిపోయింది, దానికి వేరే దారి. ప్రమోషన్ల కమిటీ కూర్చోవడానికి పదిహేను రోజులుందనగా వాళ్ల ఆఫీసు నుంచి మా కోర్టుకి ఒక ఉత్తరం వచ్చింది. అరెస్టు నాటికి వారంటు రద్దయి ఉందా, ఆ సమాచారం కోర్టు పోలీసులకు పంపిందా, పంపకపోతే కారణమేమిటి. మూడే ప్రశ్నలు. మేజిస్ట్రేటు గారు దాని మీద "అహల్మద్ నివేదిక ఇవ్వాలి" అని రాసి నాకు పంపారు.

లాయరమ్మాయి ఆ మధ్యాహ్నం నా గదికి వచ్చింది. రోజూ వచ్చి టీ తాగే పిల్ల, ఆ రోజు కూర్చోలేదు.

"సర్, ఒక్క లైను రాయండి చాలు. మా ఆఫీసు పొరపాటు వల్ల సమాచారం వెళ్లలేదు అని. ఆ నిర్బంధం అక్రమమని తేలిపోతుంది. వాళ్లు సస్పెన్షన్ ఎత్తేస్తారు. కమిటీకి ముందే."

"పొరపాటు మాదేనని నీకెవరు చెప్పారు?"

ఆమె నా మొహంలోకి చూసింది. "ఎవరూ చెప్పలేదు సర్. ట్రేలో వేసినవన్నీ అందాయి. కానిస్టేబులు దగ్గర లిస్టుంది, నేను చూశాను. పదకొండే ఉన్నాయి."

"నాకు ఏడు నెలల సర్వీసుంది బేటా."

"ఆయనకు మూడున్నర ఉంది సర్" అంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని రాయడానికి కూర్చున్నాను. ముందు నిజమే రాశాను. చీటీ తయారైనా నా అజాగ్రత్త వల్ల ఫైల్లోనే ఉండిపోయింది, పోలీసులకు అందలేదు, కక్షిదారు తప్పేమీ లేదు అని. చదువుకున్నాను. ముప్పై మూడేళ్లలో నా సర్వీసు పుస్తకంలో ఒక్క మెమో లేదు. దీనికి మెమో కాదు, ఛార్జిషీటే ఇస్తారు. రిటైరయ్యే రోజున విచారణ నడుస్తూ ఉంటుంది. స్టాఫంతా చెవులు కొరుక్కుంటారు. మా నాన్న గుమస్తాగానే పోయినా మచ్చ లేకుండా పోయాడు. ఇలా ఏవేవో అనుకున్నాను. అన్నీ నా గురించే.

ఆ కాగితం చింపేసి ఇంకొకటి రాశాను. "అరెస్టు నాటికి వారంటు రద్దయి ఉన్నది. సమాచారం పంపిన వివరం ప్రస్తుతం రికార్డులో లభ్యం కావడం లేదు." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు చూడండి. చీటీ రికార్డులో లేదు, నా ఇంట్లో ఉంది. మాకు అబద్ధం రాయడం రాదు, ఇలా రాయడం వచ్చు. మేజిస్ట్రేటు గారు పైపైన చూసి సంతకం పెట్టారు.

ఆయన ఆఫీసులో ఏం జరిగిందో తర్వాత విన్నాను. పోలీసులేమో కోర్టు నుంచి ఏమీ రాలేదని రాశారు. కోర్టేమో వివరం లభ్యం కాలేదని రాసింది. తప్పు ఎవరిదో తేలలేదు కాబట్టి, నిర్బంధం అక్రమమో కాదో తేలలేదు. తేలేదాకా సస్పెన్షన్ కొనసాగించడమే క్షేమమని అక్కడి నాలాంటివాడే ఒకడు నోటు పెట్టి ఉంటాడు. కమిటీ ఆయన పేరు మీది నిర్ణయాన్ని, ఆ సంగతి తేలేదాకా తెరవకూడని సీలు కవరులో పెట్టింది. ఆయన తర్వాతి వాడు సెక్షన్ ఆఫీసరయ్యాడు. మూడు నెలల తర్వాత, సస్పెన్షన్‌లోనే, ఈయన రిటైరయ్యారు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు ఆఫీసులోకి రాకూడదు కాబట్టి వీడ్కోలు సభ కూడా లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంట్లోనే కూర్చున్నారని ఆయన భార్య లాయరమ్మాయికి చెప్పింది. లాయరమ్మాయి వచ్చి నాకు చెప్పింది, నిలబడే చెప్పింది. ఆ తర్వాత మా గదిలో టీ తాగలేదు ఎప్పుడూ.

చిన్నవాళ్లు కదా మీరు, ఇందులో నేర్చుకోవలసిందేమిటని అడుగుతారు. వారంటు రద్దయితే కాపీ తీసుకోండి, స్టేషను వాళ్ల ముద్ర కొట్టించుకోండి, ఫోనులో ఫొటో పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకీ పంపండి. నాలాంటి మనవాడెవడైనా నేను చూసుకుంటాను అంటే దండం పెట్టి మీ పని మీరు చేసుకోండి. ఇంతే. కానీ ఆయనకు జరిగిన దానికి ఇది మందు కాదు. ఆయన ఏ తప్పూ చేయలేదు. చెప్పిన చోటికి వచ్చారు, చెప్పినట్టు చేశారు, నన్ను నమ్మారు.

నా రిటైర్మెంటుకు నెల ఉందనగా ఆయన మళ్లీ వచ్చారు. రాజీ ఉత్తర్వు నకలు కావాలట. ఇంకా అర్జీలు పెడుతున్నారు, కాగితం మీదైనా ఆ హోదా ఇమ్మని. బాగా చిక్కిపోయారు. గడ్డం చేసుకోలేదు. కూతురు వెంట వచ్చింది గానీ లోపలికి రాలేదు, వరండాలో గోడకానుకుని నిలబడింది.

"నన్నొక్కణ్ణీ పంపడం లేదండీ బయటికి. పోలీసు కనిపిస్తే చాలు, చెమటలు పడుతున్నాయి నాకు," అని నవ్వబోయారు. నకలు పని చూసి ఇచ్చాను. లేవబోతూ ఆగారు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండేం. మా అమ్మాయి ఒకటే గొడవండీ ఇంట్లో. ఆ కోర్టు అంకుల్ చీటీ పంపనే లేదు, అంతా ఆయనవల్లే అంటది. నేను ఒప్పుకోలేదండీ. ఆయన తెలుగాయన, నాకోసం అంత చేసిన మనిషి, పోలీసులే పారేసుంటారు అని కొట్టిపారేశాను. మీరు ఆ వేళే పంపేశారు కదండీ?"

ఒక్క క్షణం పట్టింది. నిజం చెప్పడానికి ఆ క్షణం సరిపోయేది. సర్వీసు ఇంకో నెల ఉంది.

"పంపానండీ" అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. నెలల తరబడి ఇంట్లో ఓడిపోతున్న వాదన గెలిచినట్టు, గబగబా గుమ్మం దాకా వెళ్లి కూతురిని పిలిచారు. ఆ అమ్మాయి వచ్చి నా టేబులు ముందు నిలబడింది.

"విన్నావా? ఆ వేళే పంపారట. అంకుల్‌కి సారీ చెప్పు."

"పాపా, రహనే దో," అంది ఆ అమ్మాయి తండ్రితో.

"చెప్పమ్మా. పెద్దాయన. ఇన్నాళ్లూ ఆయన్ని అనరాని మాటలన్నావు."

ఆ అమ్మాయి తండ్రిని చూసింది. తర్వాత నన్ను చూసింది, కళ్లు దించకుండా, నేను దించుకునేదాకా. తండ్రి కోసం, ఆయన మొహంలో ఆ వెలుగు పోకుండా ఉండడం కోసం, నెమ్మదిగా అంది.

"సారీ అంకుల్."

"పర్వాలేదమ్మా" అన్నాను.